తొమ్మిదేళ్ళ కుక్కకు రొమ్ముగడ్డ ఆపరేషన్: ముందు ఏ పరీక్షలు, తరువాత ఇంట్లో ఏ జాగ్రత్తలు?

మల్లి వాళ్ళమ్మ, వారాసిగూడ

మా ఇంట్లో మల్లి అనే తొమ్మిదేళ్ళ ఆడకుక్క ఉంది. జాతి కుక్క కాదు. ఒక వానాకాలంలో మా వీధి చివర ఆగి ఉన్న ఆటో కింద దొరికిన దేశవాళీ పిల్ల. ఇప్పుడు 18 కిలోలు ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో దాని పొట్ట నిమురుతుంటే కుడివైపు చివరి రొమ్ము దగ్గర శనగగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. కొవ్వేమో అనుకుని ఊరుకున్నాము. జూన్ వచ్చేసరికి అది ఉసిరికాయంత అయింది. మా దగ్గరి క్లినిక్‌లో డాక్టరుగారు చూసి, గడ్డతోపాటు గర్భసంచిని కూడా తీసివేయాలని చెప్పి, వచ్చే బుధవారానికి ఆపరేషన్ ఖాయం చేశారు. రక్తపరీక్షలు ఏమైనా చేయించాలా అని అడిగితే, కుక్క హుషారుగానే ఉంది కదా, అవసరమైతే ఆ రోజు చూద్దాం అన్నారు.

నా సందేహాలు చాలానే ఉన్నాయి. ముందురాత్రి 10 తరువాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వవద్దని ఒకరు, నీళ్ళు ఇవ్వవచ్చని మరొకరు చెబుతున్నారు. మేము ఉండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ఇల్లంతా నున్నటి గ్రానైటు. మా వారు, నేను ఇద్దరం ఉద్యోగాలకు వెళతాము కాబట్టి పగలు మామయ్యగారు ఒక్కరే దాన్ని చూసుకోవాలి. ఆయనకు 74 ఏళ్ళు. పైగా ఆయన, ముసలిదానికి ఇప్పుడు కోత ఎందుకమ్మా, ఉన్నన్నాళ్ళు ఉండనివ్వరాదా అంటున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నా ధైర్యం సగం జారిపోతోంది. ఇక ఆషాఢం వస్తోంది. బోనాల డప్పులు మొదలైతే మల్లి మంచం కిందికి దూరి రోజంతా బయటికి రాదు; కుట్లతో ఉన్నప్పుడు అలా దూరితే ఏమవుతుందోనని భయంగా ఉంది. పోయిన నెలలో చెవుల దగ్గర నాలుగైదు గోమార్లు కనిపిస్తే పీకేశాము, అంతకుమించి దానికి వేరే జబ్బేమీ లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్

అమ్మా, మీరు చివర మాటవరసకు రాసిన గోమార్ల వాక్యమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. మన ఊళ్ళో కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి ఎర్లికియా అనే సూక్ష్మజీవిని మోసుకొస్తుంది. దానివల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో జ్వరం తగ్గిపోయిన తరువాత కూడా కుక్క నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, పైకి హుషారుగానే కనిపిస్తూ లోపల రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గిపోయి ఉండవచ్చు. ఆరోగ్యమైన కుక్క రక్తంలో ఇవి మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుండి 5 లక్షల వరకు ఉంటాయి. అవి బాగా పడిపోయి ఉన్న సంగతి తెలియకుండా రొమ్ముగడ్డను కోస్తే, చర్మం కింద రక్తం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది. బల్ల మీద పడుకోబెట్టిన తరువాత తెలిసి ప్రయోజనం లేదు. కాబట్టి బుధవారంలోగా పూర్తి రక్తపరీక్ష, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించండి. యంత్రం చూపిన ప్లేట్‌లెట్ల సంఖ్య తక్కువగా వస్తే వెంటనే బెంబేలు పడవద్దు. అవి ఒకదానికొకటి అతుక్కుని గుంపులుగా ఉన్నప్పుడు యంత్రం తక్కువగా లెక్కిస్తుంది. గాజుపలక మీద రక్తం పూత తీసి సూక్ష్మదర్శినిలో కంటితో చూడమని అడగండి. నిజంగానే టిక్ ఫీవర్ అని తేలితే డాక్సీసైక్లిన్ మందు సాధారణంగా నాలుగు వారాలు వాడతారు, ఆ తరువాతే కత్తి పట్టడం మంచిది. పుండు పడని, ముట్టుకుంటే వేడిగా లేని గడ్డ నెల రోజుల్లో కొంప ముంచదు. అలాగని ఈ మాట పట్టుకుని దసరా దాకా లాగకండి. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండగా తీసిన కుక్కలు, పెద్దదయ్యాక తీసిన వాటికంటే మెరుగ్గా ఉంటాయి. మీది ఇంకా ఉసిరికాయంతే అంటున్నారు కదా.

రెండవది, ఛాతీ ఎక్స్‌రే. కుక్కల రొమ్ముగడ్డల్లో దాదాపు సగం చెడ్డవి, అంటే క్యాన్సర్ గడ్డలు, అవుతాయి. చెడ్డవి దూరంగా పాకితే ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకు. కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిల, ఇలా మూడు కోణాల్లో తీయించండి. అక్కడ ఇప్పటికే మచ్చలు ఉంటే కోతవల్ల ఒరిగేది తక్కువ, అప్పుడు మీ మామయ్యగారి మాటే సరైనది కావచ్చు. మచ్చలు లేకపోతే మాత్రం ఆయనకు నా మాటగా చెప్పండి: తొమ్మిదేళ్ళు వయసే గాని జబ్బు కాదు. మత్తు తట్టుకోగలదా లేదా అన్నది గుండె, మూత్రపిండాలు, రక్తం చెబుతాయి, పుట్టిన సంవత్సరం చెప్పదు.

ఉపవాసం సంగతి. మత్తులో మింగే శక్తి ఉండదు కాబట్టి, కడుపులో ఉన్నది వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. భయమంతా అందుకే. ఉదయం 9, 10 గంటల ఆపరేషన్ అయితే ముందురాత్రి 9 లోపు తేలికగా పెట్టి, తరువాత ఆహారం ఆపివేయండి. నీళ్ళు మాత్రం ఇంటి నుండి బయలుదేరే వరకు ఉంచవచ్చు. పెద్ద వయసు కుక్కను రాత్రంతా ఎండబెట్టడంవల్ల మూత్రపిండాలకు చేటే. మీ డాక్టరుగారు గంటలు వేరుగా చెబితే ఆయన మాటనే పాటించండి, ఎందుకంటే ఏ మత్తు ఎప్పుడు ఇస్తారో తెలిసినది ఆయనకే. ఈ మధ్య దురదకు గాని మరి దేనికైనా గాని స్టిరాయిడ్ మాత్రలు, సూదులు ఇప్పించి ఉంటే తప్పక చెప్పండి. స్టిరాయిడ్ మీద మెలోక్సికామ్ వంటి నొప్పిమందు పడితే జీర్ణాశయంలో పుండ్లు పడతాయి.

గర్భసంచి తీయడం గురించి మీరు అడగలేదు గాని చెబుతాను. ఈ వయసులో దానివల్ల రొమ్ముగడ్డలు తిరిగి రాకుండా ఎంతమేరకు ఆగుతాయన్నది వాదనలో ఉన్న విషయం. గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం మాత్రం ఖాయంగా తప్పుతుంది. ఒకే మత్తులో రెండూ చేసేటప్పుడు ముందు గర్భసంచి, తరువాత గడ్డ తీయడం పద్ధతి. గడ్డలోని కణాలు కడుపులోకి చేరకూడదని అలా చేస్తాము. మీరు మొహమాటం లేకుండా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. శ్వాసనాళంలో గొట్టం వేసి ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు ఇస్తారా, సూదిమందుతోనే నడిపిస్తారా? రక్తంలో ఆక్సిజన్‌ను చూపే యంత్రం పెడతారా? కోసేవారు కాక మత్తును కనిపెట్టుకుని ఉండే మనిషి మరొకరు ఉంటారా? తీసిన గడ్డను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి పరీక్షకు పంపుతారా? ఈ చివరి ప్రశ్నకు అవసరం లేదని జవాబు వస్తే, గడ్డ తీసినా అది ఏమిటో మీకు ఎప్పటికీ తెలియదు. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. మరొకరి అభిప్రాయం కావాలనుకుంటే రిపోర్టులు పట్టుకుని వెళ్ళి అడగవచ్చు.

లాబ్రడార్ ఇల్లు, సైనిక్‌పురి

డాక్టరుగారు ఆపరేషన్‌కు ముందు సంగతి చెప్పారు కనుక, నేను తరువాతి సంగతి రాస్తాను. మూడేళ్ళ క్రితం మా 34 కిలోల లాబ్రడార్‌కు ఇదే ఆపరేషన్ జరిగింది. అప్పుడు మేము చేసిన పొరపాట్లు రెండు. సాయంత్రం 7 గంటలకు క్లినిక్ మూసే వేళయిందని వారు తూలుతున్న కుక్కను మాకు అప్పగించారు, మేము మారుమాట్లాడకుండా తెచ్చుకున్నాము. తల నిలబెట్టి, పిలిస్తే చూసి, తనంతట తాను నాలుగు అడుగులు వేసే వరకు అక్కడే ఉంచుకోవాలని గట్టిగా అడగవలసింది. రెండవది, పొద్దున్నుంచి ఏమీ తినలేదన్న జాలితో ఇంటికి రాగానే గిన్నెడు పెరుగన్నం పెట్టాము. పది నిమిషాల్లో అంతా కక్కేసింది. ఆ రాత్రి పూర్తిగా తేరుకున్నాక ముందు రెండు గుక్కల నీళ్ళు, అవి నిలిస్తే మామూలుగా తినే దానిలో పావు వంతు ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం చాలు. ఉల్లి, వెల్లుల్లి వేసిన ఇంటి కూర ఏనాడూ పెట్టకూడదు, ఆ వారం అసలే వద్దు.

మెట్ల సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి. 18 కిలోలను ఒక్కరే ఎత్తుకుంటే చేయి సరిగ్గా పొట్ట కుట్ల మీదే పడుతుంది. దళసరి దుప్పటిని డోలీలా పరిచి, కుక్కను మధ్యలో పడుకోబెట్టి, ఇద్దరు నాలుగు కొసలు పట్టుకుని ఎక్కించడం మేలు. ఇంటికి రాకముందే గ్రానైటు మీద యోగా చాపలో, రబ్బరు చాపలో పరిచి, అది పడుకునే చోటి నుండి నీళ్ళ గిన్నె వరకు, అక్కడి నుండి గుమ్మం వరకు దారి వేయండి. మత్తు వదులుతున్న కాళ్ళు నున్నటి నేల మీద ఇటొకటి అటొకటి జారితే కుట్లు లాగేస్తాయి. మొదటి రెండు వారాలు మంచం, సోఫా ఎక్కనివ్వకూడదు. మంచం కింద దూరే అలవాటు ఉంది కాబట్టి నాలుగు వైపులా పెట్టెలు అడ్డం పెట్టేయండి. బోనాల తరువాతి తేదీ దొరికితే అంతకంటే మంచిది లేదు.

మన ఊరి వేడికి అలవాటు పడి మనం వెంటనే ఫ్యాను వేగంగా తిప్పుతాము. మత్తు తరువాత కుక్క ఒళ్ళు చల్లబడిపోతుంది, వణుకుతుంది. మొదటి రాత్రి కూలరు, ఫ్యాను దానికి దూరంగా ఉంచి పలుచని దుప్పటి కప్పండి. మా కుక్క ఆ రాత్రి రెండు గంటలపాటు సన్నగా మూలుగుతూనే ఉంది. నొప్పి అనుకుని మేమూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాము. మత్తు దిగేటప్పుడు అయోమయంవల్ల కూడా అలా మూలుగుతాయని మరునాడు తెలిసింది. మూడు రోజులు దొడ్డికి వెళ్ళలేదు. ఉపవాసం, మందుల వల్ల అది మామూలేనట. మూత్రం మాత్రం 24 గంటల్లో రాకపోతే ఆగకూడదు.

ఇక కోన్, అంటే కుట్లు నాకకుండా మెడచుట్టూ కట్టే గరాటు. దాన్ని చూస్తే మనకు జాలి, వేసుకున్నదానికి కోపం. మేము తీసి, మా వారి పాత నూలు బనియను తిరగేసి, ముందుకాళ్ళు చేతుల్లోకి దూర్చి, నడుము దగ్గర ముడి వేశాము. పొట్ట కుట్లకు అది బాగానే పనిచేసింది, గాలి కూడా ఆడింది. కానీ తడిస్తే మార్చాలి, కాబట్టి కనీసం నాలుగు బనియన్లు ఉండాలి. మనం కళ్ళముందు ఉన్నప్పుడే బనియను. రాత్రిళ్ళు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కోన్ తప్పదు. ఒక కుట్టును నాకి విప్పుకోవడానికి కుక్కకు అయిదు నిమిషాలు చాలు.

అంబర్‌పేట నివాసి

మా చిన్నతనంలో కుక్కకు ఏ గాయమైనా పసుపు, కొబ్బరినూనె కలిపి రాసేవారము, మానిపోయేది. నొప్పికి మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర సగం వేస్తే సరిపోతుంది. ఇన్ని పరీక్షలు, ఇంత హడావిడి అవసరమా అని నా అభిప్రాయం.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్

అంబర్‌పేట మిత్రులు కోపగించుకోవద్దు, ఈ రెండు సలహాలనూ నేను గట్టిగా కాదనవలసి ఉంది. శుభ్రంగా కోసి అంచులు కలిపి కుట్టిన గాయానికి పొడి ఏదైనా సరే బయటి పదార్థమే. అది తేమను పట్టి ఉంచుతుంది, దాని పచ్చరంగులో ఎరుపు, చీము కనబడవు. కొబ్బరినూనె రాయడమంటే నాకమని కుక్కను పిలవడమే. వానాకాలంలో ఇంకొక చిక్కు ఉంది. తడిగా, వాసనగా ఉన్న గాయం మీద ఈగ వాలితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. కుట్లను పొడిగా, గుడ్డ చాటున ఉంచి, రోజుకు రెండుసార్లు మంచి వెలుతురులో చూసి, మీ డాక్టరు ఇచ్చినదేదో అదొక్కటే వాడండి. స్నానం చేయించాలనుకుంటే ఆపరేషన్‌కు రెండు రోజుల ముందే చేయించండి, తరువాత కుట్లు విప్పే వరకు వీలుపడదు.

మనుషుల నొప్పిమాత్రలు అసలే వద్దు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. నొప్పి తెలియకుండా ఉండటానికి కుక్కల మందులు కుక్కలకు ఉన్నాయి, వాటిని రాసి ఇవ్వమని అడిగి తెచ్చుకోవడమే సరైన దారి.

మల్లి వాళ్ళమ్మకు మరొక మాట. పగలు ఉండేది మామయ్యగారు కాబట్టి ఆయనకు చిగుళ్ళు చూడటం నేర్పండి. పై పెదవి ఎత్తితే చిగురు గులాబిరంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు పట్టాలి. మీ కుక్కకు సహజంగానే నల్ల చిగుళ్ళయితే కింది కనురెప్ప లోపల చూడండి. నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటకూడదు. చిగురు కాగితంలా పాలిపోయినా, కుట్ల నుండి రక్తం చుక్కలుగా ఆగకుండా కారుతున్నా, వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా ఆఫీసు నుండి ఎవరో వచ్చే వరకు ఆగకుండా ఆయనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

రెండు పిల్లులు, మెహదీపట్నం

పిల్లుల వారు కూడా ఇది చదువుతారేమోనని రెండు మాటలు. పిల్లికి పారాసెటమాల్ ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు; దాన్ని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఆపరేషన్ తరువాత ఇసుక తొట్టిలో ఇసుకకు బదులు చింపిన వార్తాపత్రిక వేయండి, లేకపోతే రేణువులు కుట్లకు అంటుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం తిండి. కుక్క ఒక రోజు అలిగినా ఫరవాలేదేమోగాని, పిల్లి రెండు రోజులు తినకపోతే, అందులోనూ బొద్దుగా ఉన్నదైతే, కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది.

మల్లి వాళ్ళమ్మ, వారాసిగూడ

ఏడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. రాజేంద్రనగర్ డాక్టరుగారు చెప్పినట్లే రక్తపరీక్ష చేయించాము. ప్లేట్‌లెట్లు 58 వేలు అని వచ్చింది. పూత తీసి చూసినా తక్కువేనన్నారు, టిక్ ఫీవర్ పరీక్షలోనూ ఉన్నట్లు తేలింది. బుధవారం నాటి తేదీని మేమే రద్దు చేసుకున్నాము. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అన్నంతోపాటు ఇచ్చాము. గోమార్ల మందు వేయించి, అవి దాక్కునే గోడ పగుళ్ళన్నీ మామయ్యగారు దగ్గర ఉండి సిమెంటుతో పూడ్పించారు. మళ్ళీ చేసిన పరీక్షలో 2 లక్షల 10 వేలు. అప్పటికి బోనాలు కూడా అయిపోయాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చెప్పాక, మత్తుకు వేరే మనిషి ఉన్న మరొక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాము.

ఎక్స్‌రే రిపోర్టు చూసిన రోజు నుండి మామయ్యగారు కోత వద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఆపరేషన్ నాటి సాయంత్రం నుండి ఒక పాత నోటుబుక్కు తీసి, చేతిగడియారం పెట్టుకుని, మల్లి వివరాలు బండి వేళల్లా రాయడం మొదలుపెట్టారు. రాత్రి 8.15, శ్వాస 22. రాత్రి 9.40, నీళ్ళు రెండు గుక్కలు, వాంతి లేదు. ఉదయం 5.50, మూత్రం. మూడో రోజు మధ్యాహ్నం దొడ్డికి వెళితే ఆ వరుస కింద ఎర్రసిరాతో గీత గీశారు. మేము ఆఫీసు నుండి ఫోన్ చేస్తే నోటుబుక్కు చూసే జవాబు చెప్పేవారు.

అయిదో రోజు కుట్ల పక్కన నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు వచ్చింది. కుట్లు లోపల తెగాయేమోనని పరుగెత్తుకుని వెళ్ళాము. గడ్డ తీసిన ఖాళీలో నీరు చేరిందని, వేడి, ఎరుపు, నొప్పి లేవు కాబట్టి పిండకుండా, గుచ్చకుండా వదిలేయమని చెప్పారు. పది రోజుల్లో అదే ఇంకిపోయింది. మెట్లు దిగనివ్వకుండా ఉండటమే అన్నిటికంటే కష్టమైంది. నొప్పి తగ్గిన ఆరో రోజు నుండి దానికి తాను రోగినన్న సంగతే గుర్తు లేదు, పాలవాడి సైకిలు గంట వినబడితే చాలు ఎగిరేది. ఇంట్లో కూడా గొలుసు వేసే ఉంచాము. బనియను ఉపాయం చెప్పిన సైనిక్‌పురి వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అయితే మల్లి మూడో బనియనును కొరికి తినబోయింది, ఆ తరువాత కోనే గతి అయింది. పన్నెండో రోజు కుట్లు విప్పారు.

గడ్డ పరీక్ష రిపోర్టు నిన్న చేతికి వచ్చింది. క్యాన్సరే గాని మొదటి గ్రేడుదని, అంటే తీవ్రత తక్కువదని, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రాశారు. ఇప్పుడు ఏమి చేయాలి?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్

అమ్మా, అంచులు శుభ్రంగా ఉన్న మొదటి గ్రేడు గడ్డకు చాలావరకు కోతే చికిత్స, వేరే మందుల అవసరం సాధారణంగా రాదు. రిపోర్టును మీకు ఆపరేషన్ చేసిన వారికి ఒకసారి చూపించి వారి మాట కూడా వినండి. మూడు నెలలకు ఒకసారి చొప్పున ఒక ఏడాది ఛాతీ ఎక్స్‌రే తీయించండి. నెలకొకసారి మల్లిని వెల్లకిలా పడుకోబెట్టి, మిగిలిన రొమ్ములన్నీ ఒక్కొక్కటిగా రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. శనగగింజంత తగిలినా సరే, ఈసారి వారంలోపు చూపించండి. తేదీలు మామయ్యగారి నోటుబుక్కులో రాయించండి.